డబ్బా వెనక రాతలు చదివిన మా చిన్నమ్మ

మా చిన్నమ్మ పోయింది. ఆ సంగతి నాకు రైసుమిల్లు ఫోను ద్వారా తెలిసింది. మా ఆయన మిర్యాలగూడలో ఒక మిల్లులో గుమాస్తా. ఇంట్లో మాకు ఫోను లేదు. చుట్టాల్లో ఎవరికేం జరిగినా మిల్లు ఆఫీసుకే చేస్తారు. భోజనాల వేళ ఆయన సైకిలు మీద వచ్చి, గేటు దగ్గరే నిలబడి, "కోదాడ నుంచి ఫోనొచ్చింది. చిన్నత్త లేదంట" అన్నాడు. నేను పొయ్యి మీది పప్పు దించుతున్నాను. దించాను. పోపు కూడా వేశాను. వడ్డించాలి కదా అని కంచాలు తీశాను. "నేను చెప్పింది విన్నవా?" అన్నాడాయన. విన్నానన్నాను.

నాకు ఏడుపు రాలేదు. రావాలి కదా అని ఎదురుచూశాను కూడా. స్కూలుకు వెళ్లి బిడ్డను తీసుకొచ్చాను. బట్టలు సర్దాను, దాని ఇన్సులిను సీసా తడిగుడ్డలో చుట్టి ఫ్లాస్కులో పెట్టాను, సూదుల డబ్బా పెట్టుకున్నాను. హుజూర్‌నగర్ మీదుగా పోయే బస్సులో కిటికీ పక్కన బిడ్డ, దాని పక్కన నేను. పొలాలు, మిల్లులు, మళ్లీ పొలాలు. కండక్టరు చిల్లర తక్కువిస్తే గట్టిగా అడిగి మరీ తీసుకున్నాను. ఆ మనిషి లేదని తెలిశాక కూడా నేను చిల్లర కోసం కొట్లాడగలిగానంటే నాలో ఏదో మొద్దుబారిపోయిందని అప్పుడే తెలియాల్సింది.

ఆమె మా అమ్మకు చెల్లెలు. నా బిడ్డకు వరసకు అమ్మమ్మ, అది అలాగే పిలిచేది. నాకంటే పదేళ్లు పెద్ద, అంతే. కోదాడలో బస్టాండు వెనక వీధిలో వాళ్లకు కిరాణా దుకాణం ఉంది. పొద్దున, సాయంత్రం చిన్నాయన కూర్చునేవాడు, మధ్యాహ్నాలు ఆయన కునుకు తీసేటప్పుడు చిన్నమ్మ కూర్చునేది. మీలో ఎవరైనా ఆ వీధికి మధ్యాహ్నం పూట బిస్కెట్ ప్యాకెట్టుకో పాలపొడి డబ్బాకో వెళ్లి ఉంటే, ఆమెతో నాలుగు చీవాట్లు తిని ఉంటారు. కోపం తెచ్చుకోకండి. తిట్టని మనుషులను ఆమె పట్టించుకున్నట్టు కాదు.

ఆమెకు ముప్ఫై ఏళ్లు కూడా నిండకముందే షుగరు వచ్చింది. ఎనభైల మొదట్లో మాట. సూర్యాపేటలో డాక్టరు పరీక్ష చేసి, "తీపి మానెయ్యి" అని ఒక్క ముక్క చెప్పి పంపాడు. ఏది తీపి, ఏది కాదు, బియ్యం ఏమిటి, బిస్కెట్టేమిటి అన్నది ఎవరూ విడమర్చి చెప్పలేదు. చిన్నమ్మ పదో తరగతి దాకా చదివింది. ఇంగ్లీషు అక్షరాలు వచ్చు, మాటలకు అర్థాలు రావు. కొడుకు స్కూలు డిక్షనరీ పక్కన పెట్టుకుని, బేరాలు లేని మధ్యాహ్నాల్లో దుకాణంలో ఉన్న ఒక్కొక్క ప్యాకెట్టూ తీసి వెనక వైపు చదవడం మొదలుపెట్టింది. చిన్నాయన నవ్వేవాడు. "గోడల మీద ఇంత పెద్ద పెద్ద సినిమా పోస్టర్లున్నయి, అవి సదవరాదే" అనేవాడు.

అప్పట్లో వెనక రాతలు ఇప్పటికంటే కూడా సన్నం. చీమకాళ్లలా ఉండేవి. కొన్నింటి మీద అసలే ఉండేవి కావు. ఉన్నవాటిలో ఏమేం కలిపారో వరసగా రాసి ఉండేది. వందగ్రాముల్లో మాంసకృత్తులు ఎన్ని, పిండిపదార్థం ఎంత, కొవ్వు ఎంత అన్న లెక్క పాలల్లో కలుపుకునే పొడుల డబ్బాల మీద మాత్రం కనిపించేది. చిన్నమ్మ ప్యాకెట్టును గుమ్మం దగ్గర వెలుతురులోకి పట్టుకుని, తారీఖు ముద్ర మీద బొటనవేలితో రుద్ది చూసేది. ముద్ర చెదిరిపోయి ఉంటే ఆ ప్యాకెట్టు పక్కన పెట్టేసేది. సరుకు వేసే సేల్స్‌మన్‌లు ఆమె కూర్చునే వేళ రాకుండా తప్పించుకుని తిరిగేవాళ్లు.

ఒకసారి నేను ఉండగానే అనంతగిరి వైపు నుంచి ఒకాయన వచ్చాడు. ఎండలో వచ్చినట్టున్నాడు, తువ్వాలు తలకు చుట్టుకుని ఉన్నాడు. పై అరలో బొద్దుపిల్లవాడి బొమ్మ ఉన్న డబ్బాను వేలితో చూపించి, "అమ్మా, గా డబ్బా ఇయ్యి" అన్నాడు.

"ఎవరికి?" అంది చిన్నమ్మ.

"మా పిల్లగానికి. నెల కూడ నిండలె. తల్లికి పాలు పడుతలెవ్వు."

చిన్నమ్మ డబ్బా తీసింది కానీ ఇవ్వలేదు. వెనక్కి తిప్పి కౌంటరు మీద పెట్టింది. "ఇది పసిపిల్లలది కాదు నాయనా. పెద్దపిల్లలు పాలల్ల కలుపుకొని తాగేది. దీంట్ల జొన్నలాంటి గింజల పిండి ఉంది, చక్కెర ఉంది. పాలు పేరుకే. నెల పిల్లకు పోస్తే పేగులు ఆగం అయితయి."

"పిల్లగాని బొమ్మ ఉన్నది గదమ్మా దాని మీద."

"బొమ్మ ఉంటే పిల్లగాడికేనా? సబ్బు మీద అందమైన ఆడామె బొమ్మ ఉంది. సబ్బు కొంటే ఆమెను గూడ నీ వెంట పంపుతరా?"

చిన్నమ్మ గొంతు తగ్గించి, "ముందు తల్లిని దవాఖానకు తీస్కపో. పాలు పడ్తయి, వాళ్లు చూస్తరు. పడకపోతే ఏ డబ్బా పెట్టాలో ఆ డాక్టరుతోటే చీటీ మీద రాయించుకో. ఆ చీటీ తీస్కరా, ఇస్త" అని పంపేసింది. లోపల మంచం మీద నుంచి చిన్నాయన అంతా విన్నాడు. "వచ్చిన బేరం నూకేస్తివి" అన్నాడు. దానికి చిన్నమ్మ అన్న మాట నాకు ఇప్పటికీ చెవుల్లో ఉంది. "ముందు బొమ్మ అమ్మేటోడిది, వెనక రాత తినేటోడిది."

"మరి మనం అమ్మేటోళ్లమే గదనే?"

"తినేది గూడ మనమే గదా."

వీధిలో ఆడవాళ్లకు ఆమె నేర్పిన చదువు చాలా చిన్నది. వరసలో ఏది ముందు రాసి ఉంటే అది అందులో ఎక్కువ ఉన్నట్టు. ఆఖర్న రాసింది చిటికెడు ఉన్నట్టు. పండ్లరసం సీసా తీసి చూపించేది. ముందు నీళ్లు, తర్వాత చక్కెర, ఎక్కడో చివర పండు. "పండు బొమ్మ ఎంత పెద్దగ ఏస్తే లోపల పండు అంత తక్కువ, చూస్కోండి కావాలంటే" అనేది. ఇంగ్లీషు రాని వాళ్లకు చక్కెరకున్న నాలుగైదు పేర్లు అక్షరాల ఆకారంతో గుర్తుపట్టించింది. వందగ్రాములంటే ఎంతో చెప్పడానికి బిస్కెట్లను త్రాసులో వేసి చూపించేది. చూపించిన బిస్కెట్లు ఇక అమ్మడానికి లేదు కాబట్టి అక్కడున్న వాళ్లంతా తినేసేవాళ్లు. చిన్నాయన నెత్తి పట్టుకునేవాడు. ఆమె ఇన్సులిను సీసాలు మటుకు కూల్‌డ్రింకుల ఫ్రిజ్జులో అడుగున ఉండేవి. ఎవరైనా పొరపాటున చెయ్యి పెడితే, "అది నా కూల్‌డ్రింకు, దాన్ని ముట్టకు" అనేది.

ఇదంతా నేను నవ్వుతూ చూసినదాన్నే. నాకేం పని? నాకు షుగరు లేదు, మా ఆయనకు లేదు. నా బిడ్డకు ఏడో ఏడు నడుస్తుండగా ఆ నవ్వు ఆగిపోయింది.

ఆ ఎండాకాలం పిల్ల చిక్కిపోసాగింది. కుండలకు కుండలు నీళ్లు తాగేది. రాత్రి పక్క తడిపేది. మా అత్తమ్మ ఎండదెబ్బ అంది. అందరూ అదే అన్నారు. ఎండదెబ్బకు గ్లూకోజు. మా వైపు గ్లూకోజంటే మందే. దవాఖానలో సీసా ఎక్కిస్తే పడిపోయిన మనిషి లేచి కూర్చుంటాడు, అదే పొడి డబ్బాలో వస్తే ఇంకేం కావాలి? అత్తమ్మ పూటపూటా చెంబులో కలిపి తాగించింది. పిల్ల తాగుతున్నకొద్దీ ఇంకా దప్పికనేది. ఒకనాడు పొద్దున లేపితే లేవలేదు. సూర్యాపేట దవాఖానకు ఎత్తుకుపోయాం. షుగరన్నారు. చిన్నపిల్లకు షుగరేమిటని మా ఆయన డాక్టరుతో పోట్లాటకు దిగాడు.

పిల్ల కళ్లు తెరిచిందని తెలిసి చుట్టాలు చూడటానికి వచ్చారు. దవాఖానకు వట్టి చేతులతో ఎవరొస్తారు? ప్రతివాళ్ల చేతిలో గ్లూకోజ్ బిస్కెట్ల ప్యాకెట్టు. మంచం పక్కన స్టూలు మీద గుట్ట పడ్డాయి. అప్పుడు కోదాడ నుంచి చిన్నమ్మ వచ్చింది. పిల్ల నుదురు తడిమింది. స్టూలు వైపు చూసింది. ఒక ప్యాకెట్టు తీసి మా అత్తమ్మకు చూపించింది.

"వదినె, ఇవేంది?"

"గ్లూకోజ్ బిస్కెట్లు. బలానికి."

"గ్లూకోజంటే ఏందనుకున్నవ్ వదినె? చక్కెరకు తోడబుట్టింది. ఇదిగో ఈడ పిండి, పక్కనే చక్కెర, దాని ఎనక మళ్ల గ్లూకోజు."

అత్తమ్మ ముఖం పాలిపోయింది. గోడకు ఆనుకుని కిందికి జారి కూర్చుంది. "అయ్యో, నా చేతులతోటి నేనే పోసిన గదనే తల్లీ. పిల్ల దూపైతందంటే మళ్ల మళ్ల పోసిన" అంటూ గుండె బాదుకోవడం మొదలుపెట్టింది. వార్డంతా మావైపే చూసింది. చిన్నమ్మ ఆమె పక్కనే నేల మీద కూలబడి, రెండు చేతులూ పట్టుకుంది. "నీకెట్ల తెలుస్తది వదినె? నీకెవరన్న చెప్పిన్రా? నేను చెప్తే నవ్వుతవ్. నాకు షుగరని తెలిసినంక గూడ చానా రోజులు బెల్లం చాయ తాగిన. చక్కెర కాదు గదా, బెల్లమే గదా అని. ఇంకో గ్లాసు గూడ పోస్కున్న" అంది. ఆ ఏడుపులోనే మా అత్తమ్మ ఫక్కున నవ్వింది. తర్వాత చిన్నమ్మ ఆ ప్యాకెట్లను పక్క మంచాల వాళ్లకు పంచబోయి, ఆగి, ఒక్కొక్కరి జబ్బేమిటో అడిగి మరీ ఇచ్చింది.

మా ఇంట్లో ఎవరూ ఎవరినీ నిందించుకోకుండా ఆ రోజులు గడిచాయంటే అది ఆమె చలవే. ఈ మాట ఆమె ఉండగా ఆమెతో అనలేదు. అంటే, "చాలు గాని చాయ పెట్టు, చక్కెర లేకుంట" అని ఉండేది.

తర్వాత నాలుగేళ్లు నేను కాపలా కాశాను. పొద్దున సూది, సాయంత్రం సూది. ఇంట్లోకి తీపి రానివ్వలేదు. పెళ్లిళ్లకు తీసుకుపోలేదు. స్కూల్లో ఎవరిదైనా పుట్టినరోజైతే ఆ రోజు బడి మాన్పించాను. పిల్ల ఏమీ అనేది కాదు. ఏమీ అనడం లేదంటే అర్థం చేసుకుంటోందనే అనుకున్నాను. పదకొండో ఏట ఒకరోజు బావి దగ్గర బట్టల బండ కింద బిస్కెట్ కాగితాలు దొరికాయి. చాలా దొరికాయి. మడతలు పెట్టి, ఒకదానిలో ఒకటి దోపి ఉన్నాయి. రక్తం పరీక్ష చేయిస్తే డాక్టరు తల పట్టుకున్నాడు. ఇలాగే సాగితే పెద్దయ్యేసరికి కళ్లు, మూత్రపిండాలు మిగలవన్నాడు. నేను ఇంటికొచ్చి కేకలు వేశాను, బతిమాలాను, ఒట్టు వేయించుకున్నాను. పిల్ల నాతో మాట్లాడటం మానేసింది.

ఎండాకాలం సెలవులివ్వగానే చిన్నమ్మ వచ్చి, దాన్ని కోదాడ తీసుకుపోతానంది. దుకాణంలో కూర్చోబెడతానంది. నాకు ఒళ్లు మండింది.

"బిస్కెట్లు దొంగతనంగ తినే పిల్లను బిస్కెట్ల నడుమ కూసోబెడతవా?" అన్నాను.

"మరి ఏడ కూసోబెట్టాలె బిడ్డా? లోకం నిండా బిస్కెట్లే ఉన్నయి. అన్నిటికి తాళమేస్తవా?"

నేను తాళమే వేసేదాన్ని, వీలైతే. కానీ పిల్ల అప్పటికే సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. పంపాను. సెలవులయ్యాక వచ్చిన పిల్ల వేరే పిల్ల. మా వీధి దుకాణంలో, "అంకుల్, అది జర ఎనక్కి తిప్పుండ్రి, సదువుకుంట" అని అడిగేది. ఆయన చిరాకుపడేవాడు. బండ కింద మళ్లీ కాగితాలు కనిపించలేదు. నేను రోజూ చూసేదాన్ని. ఏం చేశావు చిన్నమ్మా అని అడిగితే, "నేనేం చేయలె. వచ్చినోళ్లకు అన్నీ దాంతోటే చదివిచ్చిన" అంది. అప్పటి నుంచి ప్రతి సెలవుకూ పిల్ల కోదాడలోనే. ఒక్క ముక్కలో చెప్పాలంటే నా బిడ్డ ప్రాణం ఆమె చేతుల్లో పెట్టి నేను నిద్రపోయాను.

ఆ చేతులు మొన్న ఆగిపోయాయి. గుండె అన్నారు. దుకాణంలో, ఆమె కూర్చునే వేళలోనే. కొనడానికి వచ్చిన ఎవరో పిలిచి పిలిచి, పలకకపోతే లోపలున్న చిన్నాయనను లేపారట. మిల్లుకు ఫోను మర్నాటికి గాని కలవలేదట.

మేము వెళ్లేసరికి వీధి నిండా మనుషులు. చుట్టాల కంటే బేరానికి వచ్చేవాళ్లే ఎక్కువ. ఆమె ముఖం మామూలుగానే ఉంది, తిట్టబోయే ముందు ఆగినట్టుంది. నేను కాళ్లకు దండం పెట్టి పక్కకొచ్చి నిలబడ్డాను. నీళ్లు ఎవరు తోడుతున్నారు, చిన్నాయనకు చాయ ఎవరిచ్చారు, నా కళ్లు అవే వెతికాయి. మా అమ్మ నన్ను పట్టుకుని ఏడ్చింది. నేను ఆమె వీపు రాస్తూ ఉన్నాను. నా చేయి రాస్తున్నట్టు కనిపిస్తోంది గాని నాకు తెలియడం లేదు.

అప్పుడు వెనక వరసలో కూర్చున్న ఒక ముసలి చుట్టం పక్కామెతో, "అన్ని సదివి, అన్ని కొలిసి తిని ఏం లాభమాయెనే? ఏం సూడకుంట తిన్నోళ్లం మేం గిట్ల బతికే ఉన్నం" అంది. చెడు బుద్ధితో అనలేదు. దుఃఖంలో మనిషి ఏదో ఒకటి అంటుంది. కానీ నా బిడ్డ అక్కడే నిలబడి ఉంది. విన్నది.

దహనమయ్యాక పంపు దగ్గర కాళ్లు కడుక్కుంటుంటే అది నా కొంగు పట్టుకుంది. "అమ్మా, ఆ ముసలామె అన్నది నిజమే గదా? అమ్మమ్మ ఎప్పుడు తప్పు తినలె. మరెందుకు సచ్చిపోయింది?"

ఏదో ఒకటి చెప్పాలి కదా, తల్లిని. "కాళ్లు సరిగ్గ కడుక్కో" అన్నాను.

మర్నాడు పిల్ల సూదికి చెయ్యి చాపింది, వేరేవాళ్ల చెయ్యి అయినట్టు. వేశాను. కంచంలో అన్నం పెడితే ముట్టలేదు. తెలియనివాళ్ల కోసం చెబుతున్నాను. ఇన్సులిను సూది పడ్డాక తినకపోతే ఒంట్లో చక్కెర ఒక్కసారిగా పడిపోతుంది. చెమటలు పడతాయి, వణుకొస్తుంది, స్పృహ తప్పుతుంది. ఎక్కువ తింటే కీడు మెల్లగా వస్తుంది, తినకపోతే గంటల్లోనే. నేను పక్కన కూర్చుని, బతిమాలి, కోప్పడి, నాలుగు ముద్దలు నోట్లో పెట్టాను. మింగింది. "ఎందుకమ్మా ఇదంత" అంది. నాకు భయం కూడా సరిగ్గా కలగలేదు. భయపడాలని తెలుసు, అంతే. చిన్నమ్మ ఉంటే ఏమనేదో ఆలోచించాను. ఒక్క మాటా తట్టలేదు.

మూడోనాడు పిట్టకు పెట్టాలి. మా వైపు ఆచారం తెలిసిందే, పోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ వండి, ఊరి బయట ఆకులో పెట్టి పిట్ట ముట్టేదాకా చూస్తాం. పొద్దున్నే వంటకు కూర్చున్న ఆడవాళ్లు ఏమేం చేయాలని అడిగారు. గారెలు అన్నారొకరు. పూర్ణాలు అన్నారింకొకరు. "షుగరు మనిషికి పూర్ణాలేంది?" అంది మా అమ్మ. మరి ఆమెకు ఏమిష్టం? జొన్నరొట్టె తినేది, ఆకుకూర తినేది, మజ్జిగ తాగేది. అవి ఇష్టమని తిన్నదో, తినాలి కనుక తిన్నదో ఎవరికీ తెలియదు. చివరికి చిన్నాయనను అడిగారు. ఆయన స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉన్నాడు.

"ఆమెకేం ఇష్టమో నాకు తెల్వదు," అన్నాడు. "పెండ్లైన కొత్తల తెలుసు. జబ్బు వచ్చినంక, ఏం తినొచ్చు అనే అడిగిన గాని, ఏం తినబుద్ధైతంది అని ఎప్పుడడగలె." అని తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు.

"కొబ్బరి బిస్కెట్."

అందరం తిరిగి చూశాం. నా బిడ్డ గుమ్మంలో నిలబడి ఉంది. ఆ పొద్దున సూది వేశాను, బతిమాలితే రెండు గుక్కల పాలు తాగింది తప్ప ఇంకా ఏమీ తినలేదు. దాని పెదవులు ఎండిపోయి ఉన్నాయి.

"బిస్కెట్టా? ఆమె తినేదా?" అంది మా అమ్మ.

"రోజు కాదు. ఆదివారం, తాతయ్య పండుకున్నప్పుడు. ఎనక రాసింది సదివి, తక్కెడల ఏసి, నాకు రెండు, అమ్మమ్మకు రెండు. తిన్ననాడు పగటి అన్నంల ఇద్దరం పిడికెడు తగ్గించుకునేటోళ్లం. ఎక్కువైతే మళ్ల ఆదివారం బంద్." అంతవరకు గబగబా చెప్పి ఆగింది. "మొదటిసారి నేను తిననన్న. అమ్మకు చెప్తవేమో, నన్ను పరీక్ష చేస్తున్నవేమో అన్న. అమ్మమ్మ నవ్వింది. మనం చదివేది మానెయ్యనీకి కాదు పిల్లా, తిననీకి అన్నది."

చిన్నాయన లేచి, మూడు రోజులుగా దించి ఉన్న దుకాణం షట్టరు సగం పైకెత్తి, వంగి లోపలికి పోయాడు. ఏ ప్యాకెట్టో ఆయనకు తెలియలేదు. పిల్లను పిలిచాడు. అది లోపలికి వెళ్లి తెచ్చింది.

ఊరి బయట సాగర్ కాలువ గట్టు మీద ఆకు పరిచారు. అన్నం, రొట్టె, గారెలు, కూరలు పెట్టారు. చిన్నమ్మ కొడుకు నీళ్లు చిలకరించాడు. నా బిడ్డ ప్యాకెట్టు వెనక్కి తిప్పి, పెదవులు కదుపుతూ మొత్తం చదివింది. చించి, రెండు బిస్కెట్లు తీసి ఆకు అంచున పెట్టింది. ఇంకో రెండు తీసి చేతిలో పట్టుకుంది. మిగతా ప్యాకెట్టు మడిచి చిన్నాయనకు ఇచ్చింది.

అందరం దూరం జరిగి కూర్చున్నాం. అది నా దగ్గరికొచ్చింది. నా అనుమతి కోసం వచ్చిందనుకున్నాను.

"అమ్మా," అంది. "పగటికి నాకు అన్నం ఒక పిడికెడు తక్కువ పెట్టు."

సరే అన్నాను. ఆ ఒక్క మాట అనేసరికి, ఫోను వచ్చిన నాటి నుంచి రాని ఏడుపు వచ్చేసింది. కొంగు నోట్లో కుక్కుకున్నాను.

అది గట్టు వాలులో గొంతుకూర్చుని, గడ్డం కింద అరచెయ్యి పట్టి, అంచుల నుంచి కొంచెం కొంచెంగా కొరుక్కుంటూ తింటోంది. అందరూ ఆకు వైపే, పిట్ట కోసం చూస్తున్నారు. పిట్ట ఎప్పుడొచ్చిందో, ఏది ముట్టిందో నాకు తెలియదు. నేను నా బిడ్డ తినడం చూస్తున్నాను.